యాదీలో రాయని సరుకు

నాలుగు రోజులు పడవలో ఉండాలంటే ఆరుగురికి ఎంత బియ్యం కావాలి? ఈ ప్రశ్న నన్ను అడిగేనాటికి నేను సముద్రం చూసి ఎరగను. గోదావరి కంటే పెద్ద నీళ్ళు నాకు తెలియవు. అయినా నన్నే అడిగారు, ఎందుకంటే మాది నాందేడ్‌లో కిరాణా దుకాణం. దుకాణం ఉన్నవాళ్ళకు తిండి సంగతి పుట్టుకతోనే వస్తుందని అందరి నమ్మకం.

అడిగింది మా ఆయన స్నేహితుడు, పుణెలో ఉద్యోగం చేస్తాడు. ఈయన, ముఖేడ్‌లో విత్తనాల దుకాణం నడిపే ఇంకొకాయన, మా ఆయన, ముగ్గురూ మరాఠీ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ముగ్గురికీ యాభై నిండాయని, భార్యలను తీసుకుని పోయి గోవా దగ్గర ఒక తెరచాప పడవ కిరాయికి తీసుకుందామని పుణె ఆయన తీర్మానించాడు. పడవ నడిపే మనిషి వస్తాడు. వంటమనిషి రాడు. సరుకులు మనమే మోసుకుపోవాలి, మనమే వండుకోవాలి, అందులోనే పడుకోవాలి. "సామాను సంగతి వహినీ చూసుకుంటది" అని ఫోన్‌లో తేల్చేశాడు. వహినీ అంటే వదిన, అంటే నేను. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని మనసులో అనుకుని సరేనన్నాను.

నిజానికి నాకు సరుకుల బెంగ లేదు. పెళ్ళిళ్ళకూ పంఢరపురం నడిచిపోయే గుంపులకూ ఎన్నిసార్లు కట్టలేదు మేము! నా బెంగ వేరే.

అంతకు ఆరు నెలల ముందు డాక్టరు మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. మా ఆయనకు బీపీ చాలా ఏళ్ళుగా ఉందట. పట్టించుకోకపోయేసరికి అది కిడ్నీలను పట్టుకుంది. ఉప్పు బాగా తగ్గించాలి, లేదంటే కొన్నాళ్ళకు మిషన్ మీద పడుకుని రక్తం కడిగించుకోవాల్సి వస్తుంది అన్నాడు. మా ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఇంటికి వచ్చి అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకున్నాడు.

ఆ రోజు నుంచి మా ఇల్లు పోలీసు ఠాణా అయింది. నేను చప్పిడి వండేదాన్ని, ఆయన దొంగతనం చేసేవాడు. తొక్కు జాడీలు అటక మీద పెడితే అటక ఎక్కాడు. బీరువాలో పెట్టి తాళం వేస్తే దుకాణంలో ఫర్సాణ్, అదే కారం మిక్చర్, పొట్లాలు విప్పాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని, నేను మధ్యాహ్నం పూట చెప్పకుండా దుకాణానికి పోయి ఆయన వేళ్ళు వాసన చూసేదాన్ని. నెలనెలా రక్తం పరీక్ష కాగితంలో అంకె పెరుగుతూనే ఉంది. ఒకరోజు విసుగొచ్చి "మీకు బతకాలని లేదా?" అని అడిగాను. ఆయన పేపరు పేజీ తిప్పాడు. అదే జవాబు అనుకున్నాను. చాలా కోపం వచ్చింది, ఆ తర్వాత చాలా భయం వేసింది.

పడవ ప్రయాణం ఖాయమైన రోజున ఆయన నాతో అన్నది ఒక్కటే మాట.

"దోస్తులకు చెప్పకు. వాళ్ళ ముందట నన్ను బీమారోన్ని చెయ్యకు."

"తొక్కు తినకుండ ఉంటరా?"

"ఉంట."

ఆ మాట మీద నాకు ఇసుమంత నమ్మకం లేదు. కానీ మాట ఇచ్చాను. అంటే ఇప్పుడు ఆరుగురికి నాలుగు రోజుల తిండి ఆలోచించాలి, అందులో ఒకరికి ఉప్పు అందకూడదు, మిగతా నలుగురికి ఆ సంగతి తెలియకూడదు.

పడవ మనిషి మరాఠీలో ఒక పొడుగాటి చీటీ ఫోన్‌కు పంపించాడు. గ్యాస్ పొయ్యికి రెండే మంటలు. ఫ్రిజ్ ఉంది గానీ చెక్కపెట్టె అంత. మంచినీళ్ళు కొలిచి వాడాలి, కాబట్టి ఎక్కువ కడగాల్సిన వంటలు వద్దు. గాజు సీసాలు వద్దు, పడవ ఒరిగితే పగులుతాయి. అట్టపెట్టెలు అసలే వద్దు, వాటి మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి, ఒకసారి పడవ ఎక్కితే ఇక దిగవు. ఇది చదివి ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. మా మామగారు కూడా అట్టపెట్టెలను దుకాణం గుమ్మం బయటే విప్పించేవారు.

నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటికంటే ముందు వాడిపోయేది ఆకుకూర, కాబట్టి మొదటి రోజు పాలకూర పప్పు. రెండో రోజు గోరుచిక్కుడు, టమాట. మూడో రోజు వంకాయ, క్యాబేజీ. నాలుగో రోజుకు ఏ కూరగాయా మిగలకపోయినా ఉల్లిగడ్డ, శనగపిండి ఉంటాయి, పిఠ్లం చేసుకోవచ్చు. జొన్నరొట్టెలో మా ఇంట్లో ఎట్లాగూ ఉప్పు వేయం, అది నా పక్షమే. నువ్వుల పొడి, పల్లీల పొడి, చింతపండు, నిమ్మకాయలు ఎక్కువ పెట్టాను. పులుపూ కారమూ గట్టిగా ఉంటే నాలుక కొంత మోసపోతుంది.

మరి ఉప్పు? దానికీ ఒక ఉపాయం దొరికింది. మా వైపు మరాఠీ పంగత్‌లో, అంటే బంతి భోజనంలో, కూర్చుంటే అన్నిటికంటే ముందు ఆకులో ఎడమ పక్కన చిటికెడు ఉప్పు వడ్డిస్తారు. దాని తర్వాతే నిమ్మబద్ద, చట్నీ. నేను వంటంతా చప్పిడిగా చేసి, అందరి పళ్ళాల్లో పద్ధతి ప్రకారం ఎడమ పక్కన ఉప్పు పెడతాను. కావలసినంత కలుపుకుంటారు. ఈయన పళ్ళెంలో నాలుగు రవ్వలు వేస్తాను. ఎవరూ కనిపెట్టరు. పైగా పడవలో వహినీ పంగత్ పెట్టింది అనుకుని మురిసిపోతారు. ఈ ఉపాయం తట్టిన రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇక సరుకులు. పప్పులూ పొడులూ మా దుకాణంలోవే. జొన్నలు మాత్రం తెలిసిన రైతు దగ్గర కొత్త పంట తెప్పించి, పిండి గిర్నీలో నా ఎదురుగానే పట్టించాను. పాత పిండి రొట్టె విరిగిపోతుంది, ఊగే పడవలో విరిగే రొట్టెతో నేను వేగలేను. కూరగాయలు బయలుదేరే రోజు పొద్దున్నే మార్కెట్లో ఏరాను. వంకాయలు తొడిమ పచ్చగా ఉన్నవి, టమాటాలు సగం పచ్చివి సగం పండినవి, నిమ్మకాయలు పలచటి తోలువి. "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని కూరగాయలామె మరాఠీలో అడిగింది. సముద్రం మీదికి అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి రెండు అల్లం ముక్కలు ఊరికే వేసింది, కక్కులు రాకుండా నమలమని.

మా ఊళ్ళో సరుకుల చీటీని యాదీ అంటారు. అది మరాఠీ మాట. మా ఇంటి తెలుగులో యాది అంటే జ్ఞాపకం. అందుకే మా మామగారు "యాది ఉన్నోనికి యాదీ ఎందుకు?" అని గిరాకీలను ఆట పట్టించేవారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఇప్పటికీ మా దుకాణంలో నడుస్తోంది. యాదీలో ఉప్పు రాయం. గిరాకీ రాసుకొచ్చినా సరుకు తీసేటప్పుడు ఆ మాట పైకి చదవం. అంతా కట్టాక, సంచి మూతి బిగించే ముందు, గల్లా మీద కూర్చున్న మనిషి లేచి గల్లా పక్కన ఉంచిన ఉప్పు పొట్లం తన చేత్తో పెట్టాలి. మన చేతి ఉప్పు తిన్నవాడు మనల్ని విడువడని ఆయన నమ్మకం. ఆయన పోయాక మా ఆయన ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. ఫోన్ మాట్లాడుతున్నా, ఎవరితోనో పోట్లాడుతున్నా, సంచి కట్టే వేళకు ఆ చెయ్యి ఉప్పు దగ్గరికి పోతుంది.

అందుకే మా సొంత యాదీలోనూ నేను ఉప్పు రాయలేదు. రాయాలని తట్టలేదు కూడా. నలభై ఒక్క సరుకులు రాసి, అట్టపెట్టెలన్నీ తీసేసి, ప్లాస్టిక్ బర్నీల్లోకి ఒంపి, పేర్లు అంటించి, మూడు సంచుల్లో సర్దాను. చివరి సంచి ఆయనే కట్టాడు. గల్లా వైపు పోయి వచ్చాడు, నేను సుతిలి తాడు అందించాను, ఆయన ముడి వేశాడు. ఎప్పుడూ చూసేదే గనుక చూడకుండానే చూసినట్టు అనుకున్నాను.

పుణె దాకా రైల్లో, అక్కడి నుంచి పుణె ఆయన బండిలో పోయాం. పొద్దున పూట రేవుకు చేరాం. సముద్రాన్ని చూసి ఏమనుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. నిజం చెబితే, సంచులు తడవకుండా పడవలోకి ఎట్లా చేరవేయాలా అన్నదే నా ధ్యాస. పడవ తెల్లగా, శుభ్రంగా ఉంది. నాలుగు మెట్లు దిగితే వంటగది, మా దుకాణంలో గల్లా వెనక జాగా అంత. పడవ మనిషికి నలభై ఏళ్ళుంటాయి. కొంకణ్ మనిషి, మాట ముక్కుతో సాగదీస్తాడు. నా బర్నీలు ఒక్కొక్కటీ ఎత్తి చూసి, అట్టపెట్టె ఒక్కటీ లేకుండా వచ్చినవాళ్ళు మీరే అని మెచ్చుకున్నాడు. ఒక పూటకు ఆ మెప్పు నాకు చాలింది.

తెరచాప ఎత్తాక మోటారు చప్పుడు ఆగిపోయింది. అంత నిశ్శబ్దంగా కదిలే బండి ఏదీ నేను ఎక్కి ఉండలేదు. ముగ్గురు మగవాళ్ళూ పైన కూర్చుని బడి రోజుల ముచ్చట్లలో పడ్డారు. మేము ముగ్గురం కింద కుక్కర్ పెట్టాం. పాలకూర పప్పు ఉడికింది, ఎల్లిపాయ పోపు వాసన పైదాకా పోయి "అయిందా?" అని రెండుసార్లు కేకలు వచ్చాయి. పళ్ళాలు పరిచాను. నిమ్మబద్దలు కోసి పెట్టాను. ఇక ఎడమ పక్కన ఉప్పు.

మూడో సంచిలో చేయి పెట్టాను. లేదు. రెండో సంచి చూశాను, మొదటిది చూశాను, బర్నీలన్నీ దించి మళ్ళీ చూశాను.

"ఏం దేవులాడుతున్నవక్కా?" అని ముఖేడ్ ఆయన భార్య అడిగింది.

"ఉప్పు."

ముగ్గురం కలిసి వెతికాం. వాళ్ళ సంచుల్లో చుడవా, లడ్డూలు ఉన్నాయి గానీ ఉప్పు ఎందుకుంటుంది, కిరాణా దుకాణం వాళ్ళు వస్తుంటే? అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది నా నలభై ఒక్క సరుకుల సంగతి. అన్నేసి చూడు, నన్నేసి చూడు అందట ఉప్పు. ఆ మాట నాకే తగిలింది.

కబురు పైకి పోయింది. ముఖేడ్ ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

"కిరాణా శేట్ ఉప్పు మర్చిండు. నాందేడ్ల చెప్తే ఎవడన్న నమ్ముతడా?"

"మర్చిన. వయసైంది గద" అన్నాడు మా ఆయన, ఏమీ జరగనట్టు.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళలో ఒక్క గిరాకీ సంచిలో మరవని మనిషి ఇవాళే మరవాలా? ఊరందరికీ పెట్టిన చెయ్యి సొంత పెళ్ళాం సంచికి రాలేదా? పైకి పోయి అడుగుదామనుకున్నాను గానీ పరాయివాళ్ళ ముందు ఎందుకని పళ్ళు కొరుక్కున్నాను.

పడవ మనిషి మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. తన దగ్గర కూడా లేదట, ఈ పూటకు డబ్బా ఇంటి నుంచి వండుకుని తెచ్చుకున్నాడు, రేపు ఒడ్డున ఒక ఊళ్ళో కొందామన్నాడు. "ఇవాళ్టికి ఉప్పుకేం తక్కువ?" అని మరాఠీలో నవ్వుతూ బకెట్‌కు తాడు కట్టి సముద్రంలోకి వేశాడు. వాళ్ళ నాయన చేపల పడవలో ఇట్లాగే వండేవాడట. పప్పులో అర గ్లాసు సముద్రం నీళ్ళు పోసి ఒక పొంగు రానిస్తే చాలన్నాడు. గ్లాసు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు, నేనేదో అనేలోపే గిన్నె మీదికి వంచబోయాడు.

నేను రెండు చేతులూ గిన్నె మీద అడ్డం పెట్టాను.

"ఆగుండ్రి."

చేతి మీద ఆవిరి కాలుతోంది. ఆడవాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు. పైన నవ్వులు ఆగి, ముఖేడ్ ఆయన మెట్ల దగ్గరికి వచ్చి వంగి చూశాడు. నేను మాట ఇచ్చి ఉన్నాను. మా ఆయన కిడ్నీలు ఇట్లా ఉన్నాయి. నోటికి వచ్చిన అబద్ధం మరాఠీలో చెప్పాను.

"నాకు మొక్కు ఉన్నది. నాలుగు దినాలు చప్పిడి తింట. నా వంతు తీసిపెట్టుకున్నంక పొయ్యుండ్రి."

తర్వాత పళ్ళాలు మార్చేయొచ్చని నా లెక్క. ఎవరికీ అనుమానం రాలేదు. ఆడదానికి మొక్కు ఉందంటే ఎవరు అడుగుతారు, ఏ దేవుడికని? పుణె ఆయన భార్య దండం కూడా పెట్టింది. నేను గిన్నెలోంచి ఒక గిన్నెడు పప్పు తీస్తున్నాను, మా ఆయన మెట్లు దిగి వచ్చాడు. సగం మెట్ల మీదే ఆగాడు.

"మొక్కు లేదు గిక్కు లేదు. ఆ చప్పిడి నాకు. నా కిడ్నీలు ఖరాబైనయి, ఆరు నెల్లాయె. ఉప్పు బంద్ చెయ్యమన్నడు డాక్టర్."

పుణె ఆయనకు తెలుగు అంతంతే. అందుకని అదే మాట మళ్ళీ మరాఠీలో చెప్పాడు. ఒకసారి చెప్పడమే కష్టం, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

పడవ మనిషి గ్లాసు పక్కన పెట్టి పైకి పోయాడు. ముఖేడ్ ఆయన ముఖం ఎర్రబడింది. "ఆరు నెల్ల సంది మాకు చెప్పలేదారా? మేమెవలం మరి?" అని అరిచి, పడవ ముందు భాగానికి పోయి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పుణె ఆయన ఏ డాక్టరు, ఏం మందులు, కాగితాలు తెచ్చావా అని అడిగి, ఫోన్‌లో ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా వస్తుంది దుఃఖం. చప్పిడి పప్పు ఆయన పళ్ళెంలో వేసి, మిగిలిన దాంట్లో సముద్రం నీళ్ళు నేనే పోశాను. బాగానే ఉంది, చివర కొంచెం చేదు తగిలింది. ముఖేడ్ ఆయన కోపం కాసేపటికి ఆకలిగా మారి, వచ్చి మా ఆయన పక్కనే కూర్చుని తిన్నాడు. తన పళ్ళెంలోని నిమ్మబద్ద తీసి ఈయన పళ్ళెంలో వేశాడు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక పడవను ఒక కొండ నీడన లంగరు వేసి నిలిపారు. నేను మరునాటికి గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ కింద కూర్చున్నాను. మా ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని, అడగకుండానే నాలుగు కాయలు తీసుకున్నాడు. ఇంట్లో ఏనాడూ కూరగాయ ముట్టిన మనిషి కాదు.

"నిజంగ మర్చిండ్రా?" అన్నాను.

"లే."

కాసేపు కాయ ఈనె తీశాడు. సరిగ్గా రాలేదు, మళ్ళీ తీశాడు.

"చేతిల పట్టుకున్న. సంచి దాక తెచ్చిన. మళ్ళ పోయి గల్ల మీద పెట్టిన."

"అందరు నవ్వుతరని తెల్వదా?"

"తెల్సు."

"మరి?"

"ఇంట్ల నువ్వున్నవ్ కావలి. ఇక్కడ దోస్తుల నడుమ నాలుగు దినాలు, ఉప్పు కండ్ల ముందట ఉంటె నా చెయ్యి ఆగదు. నాకు నా చెయ్యి మీద భరోస లేదు. అసలుకే లేకుంటె అయిపాయె అనుకున్న."

మాట మామూలుగానే అంటున్నాడు. కానీ చేతిలో కాయ విరిగిపోయింది.

"మొన్న దవాఖానల మన గిరాకీ ఒకాయనను చూసిన, మిషన్ మీద. నన్ను గుర్తువట్టి చెయ్యి ఊపిండు. అప్పటి సంది నిద్ర పడ్తలేదు. భయమైతుందే. నాకు బతకాలని ఉన్నది. నీకు చెప్పనీకి సిగ్గైంది."

ఆరు నెలలు ఈ మనిషి వేళ్ళు వాసన చూశాను నేను. ఎన్ని దొంగతనాలు పట్టుకున్నానో చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను. పక్క మీద మేలుకుని ఉన్నాడని మాత్రం ఒక్క రాత్రి కూడా కనిపెట్టలేదు. ఆయనకు ప్రాణం మీద లెక్క లేదనుకున్నాను, అందుకు లోలోపల ఆయనను శపించాను కూడా. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు ఆ రోజు రాలేదు.

కాయలు పక్కకు జరిపి ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళకు గోరుచిక్కుడు పసరు అంటి ఉంది. పైనుంచి ముఖేడ్ ఆయన చాయ్ చాయ్ అని రెండుసార్లు పిలిచాడు. మేము లేవలేదు.